మా ఇంట్లో నాలుగు చలికాలాలు, ఒక డోరియా

సింగపూర్‌లో చలికాలం ఉండదని మీకెవరు చెప్పారండీ? మా ఇంట్లో నాలుగున్నాయి!

హాల్లో ఒకటి. మా అబ్బాయి జనార్దన్, కోడలు నవత ఉండే గదిలో ఒకటి. మనవరాలు అక్షర గదిలో ఒకటి, మనవడు లోహిత్ గదిలో ఒకటి. నాలుగు ఏసీలు, నాలుగు చలికాలాలు. నేనుండే చిన్న గదికి మాత్రం ఏసీ లేదు. ఫ్యానూ, కిటికీ, నేనూ. జురాంగ్ ఈస్ట్‌లో పదకొండో అంతస్తు మీద అసలు సిసలు సింగపూర్ ఎండ అనుభవించే భాగ్యం ఈ ఇంట్లో నా ఒక్కదానికే దక్కిందన్నమాట.

ఏసీని తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి. కీళ్ళు పట్టేస్తాయంటారు, ముక్కు దిబ్బడేస్తుందంటారు. దాని వల్ల సంసారాలకు ఎంత శాంతి వచ్చిందో ఎవరైనా ఆలోచించారా?

ఏసీ వేస్తే తలుపు మూయాలి. ఇది శాస్త్రం. తలుపు మూస్తే మాట వినపడదు. మాట వినపడకపోతే మాటామాటా పెరగదు. తెనాలిలో మా అత్తగారింట్లో పద్నాలుగు మందికి రెండు గదులు. మా పెద్ద తోడికోడలు వంటింట్లో నిట్టూరిస్తే, వీధరుగు మీద చుట్ట కాలుస్తున్న మావగారు "ఏమైందమ్మా?" అనేవారు. ఇక ఆ ఒక్క నిట్టూర్పు మీద మూడు రోజులు పంచాయితీ! ఇక్కడ ఎవరు నిట్టూరుస్తున్నారో, అసలు నిట్టూరుస్తున్నారో లేదో, ఎవరికీ తెలియదు. ఇంతకంటే ప్రశాంతత ఉంటుందా?

అలాగని పలకరింపులకు లోటేం లేదు. మా కోడలు బంగారం. గదిలోంచే "అత్తయ్యా, తిన్నారా?" అని మెసేజ్ పెడుతుంది. చివర చేతులు జోడించిన బొమ్మ కూడా. నేను బొటనవేలు పైకెత్తిన బొమ్మ తిరిగి పంపిస్తాను. మా ఇద్దరి మధ్య గోడ మందం బెత్తెడు.

ఏసీ వల్ల నాకు వంటలోనూ విశ్రాంతి దొరికింది. ఇంగువ పోపు పెట్టకూడదు. ఆ వాసన ఏసీలోకి వెళ్తే నెల రోజులు బయటికి రాదట! ఏసీ శుభ్రం చేసే అబ్బాయి వచ్చి, మూత తీసి, ముక్కు పట్టుకుని నా వంకే చూశాడు. నాలుగో తరగతి మేష్టారు కూడా నన్నలా చూడలేదు.

భోజనాల సంగతి వినండి. కంచం పట్టుకెళ్ళి తలుపు తడతాను. తలుపు జానెడు తెరుచుకుంటుంది. చల్లగాలి, దాని వెనక ఒక చెయ్యి. కంచం లోపలికి, తలుపు దగ్గరికి! చేతిని చూసి మనిషి ఎలా ఉన్నాడో చెప్పే విద్య నాకు అలా అబ్బింది. గోళ్ళు కొరికి ఉంటే లోహిత్‌కి పరీక్షలు. గోళ్ళరంగు మారితే అక్షరకు కొత్త స్నేహితురాలు. డాక్టర్లకైనా వస్తుందా ఈ విద్య?

ఇక డైనింగ్ టేబుల్. ఆరు కుర్చీలది, టేకు చెక్క. దాని మీద మరక అంటూ పడదు. మడతపెట్టిన బట్టలు మరకలు చేయవు కదా! ఎదురింటి కనీజ్ ఫాతిమా హైదరాబాదావిడ, నా ఈడుదే. ఒకరోజు టీకి వచ్చి చుట్టూ చూసింది.

"అక్కా, మీ టేబుల్ దగ్గర బట్టలే కూర్చుంటయా? మనుషులెప్పుడు కూర్చుంటరు?"

"మనుషులు బిజీ కదమ్మా."

"అరె, ఒక్క ఆదివారమన్నా?"

ఆవిడ కప్పులో ఇంకాస్త టీ పోసి మాట మార్చేశాను. మీ దగ్గర దాపరికమెందుకు, నాకూ ఒక బలహీనత ఉంది. ఒక్క పూట, ఐదుగురం, ఆ టేబుల్ చుట్టూ. అంతే. నేనీ ఇంటికొచ్చి పద్నాలుగు నెలలైంది. ఒక్కసారీ కుదరలేదు. పాతకాలపు మనిషిని, సర్దుకుపొండి.

ఇంతలో డోరియా వచ్చింది.

డోరియా అంటే జపాన్ వాళ్ళు చలిలో వేడివేడిగా తినే అన్నమట. అక్షర ఫోన్లో చూసింది. రెండు రోజులుగా ముసురు పట్టి ఊరు ఇరవై మూడు డిగ్రీలకు దిగింది. ఇరవై మూడుకే ఇక్కడి జనం స్వెట్టర్లు బయటికి తీస్తారు. ఆదివారం పొద్దున్నే అక్షర వంటింట్లోకి వచ్చి ప్రకటించింది.

"నానమ్మా, టుడే ఐ కుక్. నిన్నటి రైస్ ఉందా?"

నిన్నటి అన్నమా! నేను నిన్నటి అన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ నంజుకుంటే "అన్‌హెల్తీ అత్తయ్యా" అంటారు ఈ ఇంట్లో. అదే అన్నం మీద వెన్నా, మైదా, పాలూ కలిపి ఉడికించిన తెల్ల గంజి పోసి, రొయ్యలూ పుట్టగొడుగులూ పడేసి, పైన చీజు దుప్పటి కప్పి ఓవెన్లో పెడితే అది డోరియా! నేను కాదనలేదు. చద్దన్నానికి ఇన్నాళ్ళకు ఒక సంబంధం కుదిరింది, అదీ జపాన్ నుంచి. అడ్డుపడ్డానికి నేనెవర్ని?

"ఇది చలిలోనే తినాలి నానమ్మా. హాల్లో ఏసీ సిక్స్‌టీన్ పెడతా. లేకపోతే నో ఫీల్ లా!"

పెట్టింది. ఆ 'లా' ఇక్కడి పిల్లలు మాట చివర తగిలించే తోక లెండి. కోడలు జపాన్ ట్రిప్పు కోసం కొనుక్కున్న కోటు తొడుక్కుని, వణుకుతూ, రొయ్యలు వలిచాను.

"అందరం కలిసి తింటామా తల్లీ?" అన్నాను, రొయ్య మీంచి తలెత్తకుండా.

"నో నో. చిన్న బౌల్స్‌లో బేక్ చేస్తా. ఎవరిది వాళ్ళకి. రూమ్‌కే డెలివరీ."

చూశారా ముందుచూపు! పెళ్ళిలో విడిది గదికి కాఫీ పంపినట్టు!

అది ఐదు పింగాణీ గిన్నెలు తీసిపెట్టి, ఫోను ఛార్జింగుకు పెట్టి వచ్చేలోపు వాటిల్లో నేను ఊరగాయలు సర్దేశాను. ఆవకాయ, మాగాయ, గోంగూర, ఉసిరికాయ, నిమ్మకాయ. మన పెద్దవాళ్ళు అన్ని రకాలు ఊరికే కనిపెట్టారా?

"నానమ్మా! మై బౌల్స్!"

"అయ్యో, చూసుకోలేదే! ఆ పెద్ద గాజు పళ్ళెం ఉందిగా బంగారూ."

"ఫైన్. పెద్దదాంట్లోనే చేసి, కట్ చేసి రూమ్స్‌కి ఇస్తా."

ఓడిపోయాను. ఈ కాలపు పిల్లల తెలివి ముందు ఊరగాయ ఏపాటిది?

పళ్ళెం ఓవెన్లోకి వెళ్ళింది. నాలుగు ఏసీలూ తిరుగుతున్నాయి. లోహిత్ గీజరు వేసుకుని స్నానానికి దూరాడు. నాకేమో మోకాళ్ళు బిగుసుకుపోయాయి. వేడినీళ్ళ సంచీతో కాపడం పెట్టుకుందామని కెటిల్ వేశాను.

టప్!

ఇల్లంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టింది. ఏసీల మోత ఆగేసరికి బయట వాన పడుతున్న సంగతి వినబడింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి, బార్లా!

ముందు లోహిత్, తల నిండా నురగతో, తువ్వాలు చుట్టుకుని. "హూ డిడ్ దిస్!" వాడి వెనక జనార్దన్. మావాడు జురాంగ్ ఐలాండ్‌లో ఊరంత ప్లాంటుకు కరెంటు ఒక్క క్షణం పోకుండా చూసే ఇంజినీరు. స్టూలెక్కి గుమ్మం పైనున్న పెట్టె తెరిచి స్విచ్ ఎత్తాడు. టప్! మళ్ళీ ఎత్తాడు. టప్!

"అసలు ఎవరేం వేశారు?"

"మీరే కదండీ, ఏసీ, లాప్‌టాప్, రెండు మానిటర్లు!" అంది నవత.

"నా మానిటర్లా? ఆ ఓవెన్ ఎంత లాగుతుందో తెలుసా?"

"నాన్నా, డోరియా హాఫ్ కుక్డ్!" అక్షర గొంతులో ఏడుపు. "చీజ్ ఇంకా మెల్ట్ అవలేదు! ఓవెన్ ఆపితే అంతా స్పాయిల్!"

ప్లాంటు ఇంజినీరు స్టూలు మీద నిలబడి గడ్డం గోక్కున్నాడు. "సరే. ఓవెన్ ఒక్కటే ఉంటుంది. ఇరవై నిమిషాలు అన్ని ఏసీలూ ఆఫ్. అమ్మా, కెటిల్ ఆపు. లోహిత్, చన్నీళ్ళు పోసుకోరా."

గాలాడని గదిలో ఎవరుంటారు? అందరూ హాల్లోకి వచ్చారు. నవత కిటికీలు తెరిచింది. నలుగురూ ఓవెన్ అద్దం ముందు చేరి, చీజు బుడగలు లేస్తుంటే క్రికెట్ చూసినట్టు చూశారు. ఆ గొడవలో టేబుల్ మీది బట్టలు ఎవరు తీశారో నన్నడక్కండి.

పళ్ళెం వచ్చింది. పైన అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు, లోపల కుతకుత. కోసి పంచుదామంటే చీజు తీగలు తీగలుగా సాగి అక్షర చేతికి చుట్టుకుంది. "ఆలస్యం చేస్తే చల్లారిపోదూ?" అన్నాను. అంతే, ఐదు స్పూన్లు ఒకేసారి దిగాయి.

"అమ్మా, ఇది చద్దన్నమేగా!" అన్నాడు జనార్దన్, నోరు కాలి హాహా అంటూ.

"నెమ్మదిగా అనరా, జపాన్ వాళ్ళు నొచ్చుకుంటారు."

నవత పొలమారేలా నవ్వింది. నవ్వితే ఆ పిల్లకు బుగ్గ మీద సొట్ట పడుతుంది. మర్చేపోయాను! లోహిత్ డోరియాలో ఆవకాయ కలిపి, కళ్ళు మూసుకుని, "షియోక్!" అన్నాడు. బ్రహ్మాండం అనాలంటే ఇక్కడి పిల్లల మాట అదే. మూడో స్పూనుకు, తలొంచుకునే, "నన్ను ఫుట్‌బాల్ టీమ్‌లోంచి తీసేశారు" అన్నాడు.

"ఎప్పుడురా?" అన్నాడు తండ్రి.

"త్రీ వీక్స్ ఎగో."

స్పూన్లు ఆగాయి. మూడు వారాలు! మూడు వారాలూ ఆ చేతికే కంచం అందించాను. గోళ్ళు చూసి పరీక్షలనుకున్నాను. నా విద్య అంతంతమాత్రమేనని తేలిపోయింది.

అంచున కరకరలాడే చీజు ముక్క ఒకటుంది, దాని మీద అందరికీ కన్నుంది. జనార్దన్ దాన్ని స్పూనుతో గీకి లోహిత్ ముందు పెట్టాడు. "తిను. సాయంత్రం కిందకెళ్ళి ఆడదాం. నేను గోల్‌కీపర్."

"నాన్నా, యూ కెనాట్ బెండ్ కూడా లా!" అన్నాడు వాడు. అప్పుడు నవ్వాడు.

ముప్పావుగంట కూర్చున్నాం. ఆవకాయ ఘాటుకు చెమటలు కారుతున్నా ఒక్కరూ లేవలేదు. తర్వాత పళ్ళెం ఖాళీ అయింది, ఏసీలు వచ్చాయి, తలుపులు పడ్డాయి. ఎవరి చలికాలం వారిది.

సోమవారం జనార్దన్ ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాడు. "ఇలా వదిలేస్తే కుదరదమ్మా. లైను మార్పిస్తే అన్నీ ఒకేసారి వాడుకోవచ్చు. ఎవరికీ ఇబ్బంది ఉండదు." బంగారం లాంటి మాట. కొడుకన్నాక తల్లి సుఖం చూడొద్దూ?

గురువారం ఆ మనిషి వచ్చాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. తమిళతను. నా తెలుగు, అతని తమిళం మధ్యదారిలో బాగానే కలుసుకున్నాయి. కూర్చోబెట్టి టీ ఇచ్చాను, చేగోడీలు పెట్టాను. ఏవేవి కలిపి వేస్తే స్విచ్ పడిపోతుందో అడిగాను. పాపం, ఓపిగ్గా చెప్పాడు. ఏసీలు తిరుగుతుండగా ఓవెన్, గీజరు, కెటిల్. మూడూ కలవాలి, రెండు చాలవు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని కంఠతా పట్టాను.

"మరి లైను మార్చేయనా, పాట్టీ?" అన్నాడు, సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీస్తూ. పాట్టీ అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ.

"వద్దు నాయనా. మా ఇంటికి ఇదే సరిపోయింది."

మిగిలిన చేగోడీలు పొట్లం కట్టి పంపించాను.

సాయంత్రం జనార్దన్ గదిలోంచి తల బయటపెట్టి, "అమ్మా, పనైందా?" అన్నాడు. అయిందన్నాను. అబద్ధమేముంది?

ఈ ఆదివారం అక్షర మళ్ళీ డోరియా చేస్తుందట. ఓవెన్ అది వేస్తుంది. స్నానానికి వెళ్తూ గీజరు లోహిత్ వేస్తాడు. కెటిల్ సంగతి నేను చూసుకుంటాను.