చెల్లని వోటు, చెల్లిన మొక్కు

చక్... చక్... చక్...

కళ్ళు తెరవకముందే రత్నస్వామి చేతులు రెండూ తలమీదికి వెళ్ళాయి. కత్తెర చప్పుడే అది, సందేహం లేదు. వేళ్ళకు జుట్టు తగిలింది. నుదుటిమీది వంపు ఉంది, వెనక ఒత్తు ఉంది, చెవుల పక్కన చెంపల దాకా దిగిన నలుపు ఉంది. అంతా ఉందని మూడుసార్లు తడిమి చూసుకున్నాక ఊపిరి వదిలి, కళ్ళు తెరిచాడు.

వీధి అరుగుమీద మేనమామ పెరుమాళ్ మనుషులు కూర్చుని వోటర్ల చీటీలు కత్తిరిస్తున్నారు. ఆ రోజు పంచాయతీ ఎన్నిక.

తమిళనాడులో, తిరుత్తణి నుంచి అత్తిమంజేరిపేట వెళ్ళే బస్సు ఒక్క నిమిషం ఆగే ఊరు అది. మణవాళనగర్‌లో ఒక సైకిల్ విడిభాగాల కంపెనీలో స్టోర్ కీపరుగా ఉన్న రత్నస్వామి వారం రోజులు సెలవు పెట్టి వచ్చాడు. అతని లెక్క సులువైనది. మంగళవారం వోటు, గురువారం లెక్కింపు, శుక్రవారం తిరుత్తణి కొండమీద పెళ్ళిచూపులు. మొదటి రెండూ ఊరివి. మూడోది మాత్రం తనది.

పిల్ల పేరు సుందరవల్లి, ఊరు తిరువాలంగాడు. ఆమె ఫోటో రెండు నెలలుగా అతని స్టాకు పుస్తకంలో, బేరింగుల పేజీలో ఉంది. అందులో ఆమె కెమెరాను చూడటం లేదు. పక్కన ఎవరో ఏదో అన్నట్టూ, నవ్వు రాబోతున్నట్టూ, రాకముందే ఫోటో తీసినట్టూ ఉంది. ఆ రాని నవ్వు ఏమిటో తెలుసుకోవాలని రత్నస్వామికి రెండు నెలలుగా ఆత్రం.

అడ్డు ఒక్కటే, పిల్ల నాయనమ్మ రంగనాయకమ్మ. పెద్ద మనవరాలి పెళ్ళిలో తలపాగా తీస్తుంటే, దానితోపాటు పెళ్ళికొడుకు జుట్టు కూడా ఊడి వచ్చిందట. ఆనాటి నుంచి ఆమెకు లోకంలోని ఏ జుట్టు మీదా నమ్మకం లేదు. రత్నస్వామి ఫోటో చూసి ఆమె అన్న మాటలు మధ్యవర్తి పొల్లుపోకుండా తెచ్చి అప్పజెప్పాడు.

"మేనమామకు బట్టతల. చిన్నాయనకు బట్టతల. పోయిన తండ్రికీ బట్టతలేనంట. ఈ పిల్లోడికి మాత్రం ఇంత జుట్టు యాడ నుంచి వచ్చె? ఇది విగ్గు. నా కండ్లతో చూడాల, నా చేత్తో లాగాల. ఆమీదనే మాట."

చూపులు ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడ్డాయి. ఒకసారి కంపెనీలో తనిఖీ, ఒకసారి వాన. మూడోసారి వాయిదా అంటే విగ్గు ఉన్నట్టే లెక్క అని ఆమె కబురు పెట్టింది. కాబట్టి శుక్రవారం దాకా ఆ జుట్టును కాపాడుకోవడం తప్ప రత్నస్వామికి ఈ భూమి మీద వేరే పని లేదు.

"రారా అల్లుడా!" అంటూ పెరుమాళ్ మామ అతని చేతిలో చీటీ పెట్టాడు. ఆయన గుర్తు గొడుగు. "మొదటి వోటు నీదే ఏయాల. ఇంకో సంగతి. నేను గెలిస్తే మర్నాడే, పొద్దు పొడిచేలోపల, కొండమీద తలనీలాలు ఇస్తానని సామికి మొక్కినా."

"మంచిది మామా. కానీ నీకు..." అంటూ రత్నస్వామి ఆయన తల వంక చూసి ఆగిపోయాడు. పొద్దుటెండ అక్కడ పడి జారిపోతోంది.

"నాకు యాడుండాది? అందుకే నీ తల మొక్కినా. ఆ ఇంట్లో ఈ ఇంట్లో కలిపి జుట్టుండేది నీకే గదరా!"

"మామా, శుక్రవారం చూపులు..." అని రత్నస్వామి గొణిగేలోగా పెరుమాళ్ ఇంకొకరి చేతిలో చీటీ పెట్టడానికి వెళ్ళిపోయాడు.

బడి దాకా నడుస్తూ రత్నస్వామి ఆలోచించాడు. ఆలోచన తిన్నగానే సాగింది. మామ గెలవకపోతే జుట్టు నిలుస్తుంది. మామ గెలవకూడదంటే ఎదురు నిలబడ్డ చిన్నాయన గెలవాలి. మామకు ద్రోహమే, కానీ జుట్టుకు న్యాయం. ఆయన తాళంచెవి గుర్తుకే తన వోటు అని నిశ్చయించుకుని అతను తల ఎత్తేసరికి బడి గేటు దగ్గర చిన్నాయన శివరామయ్య ఎదురుపడ్డాడు. ఎండకు తలమీద తడిగుడ్డ వేసుకుని ఉన్నాడు.

"నాయనా రత్నం! నిన్నే ఎతుకుతా ఉండా. ఎవురికీ చెప్పొద్దు. నేను గెలిస్తే..."

"మొక్కినారా చిన్నాయనా?" అన్నాడు రత్నస్వామి నీరసంగా.

"నీకెట్ల తెలిసె? మర్నాడే, పొద్దు పొడిచేలోపల. నా తలలో ఏముండాది చెప్పు, నువ్వు నా బిడ్డ మాదిరి గదా!" అని శివరామయ్య తడిగుడ్డ తీసి, మళ్ళీ వేసుకున్నాడు.

వరుసలో నిలబడ్డ అరగంటా రత్నస్వామికి ఏమీ వినబడలేదు. వేలిమీద సిరా చుక్క పెట్టినా తెలియలేదు. వోటు కాగితం, ముద్ర చేతబట్టుకుని గోనెపట్టా చాటుకు వెళ్ళాక మాత్రం అన్నీ మరీ స్పష్టంగా కనిపించాయి. పైన గొడుగు, కింద తాళంచెవి, నడుమ సన్నటి నల్లగీత. గొడుగు గెలిస్తే గుండు. తాళంచెవి గెలిస్తే గుండు. ముద్ర పట్టుకున్న చేయి కాసేపు పైకి వెళ్ళింది, కాసేపు కిందికి వచ్చింది.

"సామీ," అని అతను కళ్ళు మూసుకున్నాడు. "ఇద్దరిలో ఒక్కరూ గెలవకుండా చేసినావంటే, నేను కొండకొచ్చి తలనీలాలు..."

చటుక్కున నోరు మూసుకున్నాడు. కానీ మాట బయటికి వచ్చేసింది. అతని ఇంట్లో జ్వరానికైనా, పరీక్షకైనా, తప్పిపోయిన ఎద్దుకైనా తెలిసిన మొక్కు ఆ ఒక్కటే. నాలుక దానికే అలవాటు పడి ఉంది. ఆ అదురుకు చేయి జారింది. ముద్ర పోయి సరిగ్గా నల్లగీత మీద పడింది. సగం గొడుగు మీద, సగం తాళంచెవి మీద.

పోలింగ్ ఆఫీసరు లోపలికి వినబడేలా, నిద్రపోయావా ఏమిటని తమిళంలో గద్దించాడు. రత్నస్వామి కాగితం మడిచి, పెట్టెలో వేసి, రెండు చేతులా జుట్టు పట్టుకుని బయటికి వచ్చాడు.

బుధవారం అతనికి ఒక యుగంలా గడిచింది. ఊరంతా గెలుపు గురించే మాట్లాడుతోంది. టీకొట్టు ఆరోగ్యస్వామి గ్లాసు చేతికిస్తూ, "నీకేమి అన్నా, మీ మామే గెలిచేది," అన్నాడు. రత్నస్వామి ముఖం వాడిపోయింది. ఆరోగ్యస్వామి నొచ్చుకుని, "అట్లయితే మీ చిన్నాయన గెలుస్తాడులే," అన్నాడు. ముఖం ఇంకా వాడిపోయింది.

"పాపం, తానే నిలబడాల్సిందని దిగులు పట్టుకునింది," అని టీకొట్టు తేల్చింది. సాయంత్రానికి ఆ మాట రెండు ఇళ్ళకూ చేరింది. పెరుమాళ్ వచ్చి, "నిలబడాలని ఉంటే నాతో ఒక మాట చెప్పుండకూడదా అల్లుడా?" అని నిష్ఠూరమాడాడు. ఆయన వెళ్ళాక శివరామయ్య వచ్చి, వచ్చే ఎన్నికల్లో సీటు అతనికే వదిలేస్తానని మాట ఇచ్చాడు.

తల్లి మునెమ్మకు భయం వేసింది. కొడుకును వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది.

"నిజం చెప్పు. మామకు ఏసినావా, చిన్నాయనకు ఏసినావా?"

"ఇద్దరికీ ఏసినానమ్మా," అన్నాడు రత్నస్వామి. జీవితంలో అంత నిజం అతనెన్నడూ చెప్పలేదు.

మునెమ్మ ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది.

గురువారం పంచాయతీ యూనియన్ ఆఫీసులో లెక్కింపు. బల్ల ఒక పక్క గొడుగు కట్టలు, ఇంకో పక్క తాళంచెవి కట్టలు. ఇటు మామ, అటు చిన్నాయన. గోడకు ఆనుకుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని రత్నస్వామి. చూసినవాళ్ళు అతనిది భక్తి అనుకున్నారు.

చివరి కట్ట అయ్యేసరికి రెండు పక్కలా రెండువందల ఎనభై ఆరు. చేతిలో ఇంకొక్క కాగితం మిగిలింది. ఆఫీసరు దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. ముద్ర గీత మీద ఉంది. మామ వంగాడు, చిన్నాయనా వంగాడు. రెండు బట్టతలలు ఒకే కాగితం మీద నిగనిగలాడాయి.

"గొడుగు పక్కకే ఒక నూలంత ఎక్కువుండాది సార్!"

"కండ్లు సరిగా పెట్టి చూడు బావా. తాళంచెవి పక్కకే!"

ఆఫీసరు స్కేలు తెప్పించాడు. కొలిచాడు. తిప్పి మళ్ళీ కొలిచాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత న్యాయంగా వేసిన వోటు చూడలేదని, అయినా ఇది చెల్లదని తీర్పు చెప్పాడు.

"ఎవుడో గుడ్డి వెధవ!" అన్నాడు పెరుమాళ్.

"వాడి చెయ్యి పడిపోను!" అన్నాడు శివరామయ్య.

ఆ మూడు రోజుల్లో వాళ్ళిద్దరూ ఏకీభవించిన మాట అదొక్కటే. రత్నస్వామి పైకప్పు వాసాలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆరు దాకా లెక్కపెట్టాక అతనికి విషయం బోధపడింది. ఇద్దరికీ సమానం! ఎవరూ గెలవలేదు! పకపకా నవ్వాడు. అందరూ తిరిగి చూశారు. ఏడో వాసం దగ్గర తన మొక్కు తనకు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఇద్దరిలో ఒక్కరూ గెలవకపోతే తలనీలాలు ఇస్తానన్నది తనే. అందరూ అప్పుడూ తిరిగి చూశారు.

ఇంతలో ఆఫీసరు రెండు చీటీలు రాసి, మడిచి, చెంబులో వేశాడు. సమానమైతే చీటీ తీయడమే నిబంధన అన్నాడు. రెండు పక్కలకూ కావలసిన మనిషి ఒకడు వచ్చి తీయాలి.

గదిలో ఉన్న వేళ్ళన్నీ గోడ వైపు తిరిగాయి.

రత్నస్వామి బల్ల దగ్గరికి నడిచాడు. ఆ గదిలో గుండె దడ లేనివాడు అప్పుడు అతనొక్కడే. పైచీటీకి గుండు, కిందిచీటీకి గుండు, చీటీ తీయకపోతే తన మొక్కు కింద గుండు. చెంబులో చేయి పెట్టి, దొరికినది తీసి, ఆఫీసరు చేతికిచ్చాడు. ఆఫీసరు విప్పి చదివాడు. శివరామయ్య.

దండలు పడుతుంటే రత్నస్వామి ఆయన చెవి దగ్గరికి వెళ్ళాడు. "చిన్నాయనా, రేపు సాయంత్రం కొట్టించుకుంటా. పొద్దున పదింటికి చూపులుండాయి."

"పొద్దు పొడిచేలోపల అని మొక్కినానే నాయనా! సామి దగ్గర మాట మార్చేదా?"

తమ్ముడు ఓడినందుకు కళ్ళు ఒత్తుకుంటూ మునెమ్మ కూడా అదే మాట అంది. "మొక్కు ఎవురిదైతే ఏమిరా, సామి మన సామే గదా. తల తుడుచుకొని టువాలు కట్టుకుందువులే."

శుక్రవారం తెల్లవారకముందే కొండమీద, తలనీలాల మంటపంలో, రత్నస్వామి తల వంచుకుని కూర్చున్నాడు. గెలిచిన చిన్నాయన ఒక పక్క, ఓడిన మామ ఒక పక్క, తల్లి వెనక. క్షురకుడు నీళ్ళు చిలకరించి, కుడిపక్కన కత్తి పెట్టాడు. నుదుటిమీది వంపు ముందుగా ఒళ్ళో రాలింది. రత్నస్వామి కళ్ళు మూసుకుని, బేరింగుల పేజీని తలుచుకున్నాడు.

"ఆపవయ్యా కత్తి!"

ఆ గొంతు అతను ఎన్నడూ వినలేదు. అయినా ఎవరిదో తెలిసింది.

చెప్పిన వేళకు వెళితే అబ్బాయి విగ్గు సర్దుకుని ఉంటాడు, నాలుగు గంటల ముందు వెళితే దొరికిపోతాడు అని రంగనాయకమ్మ ఉపాయం. అందుకే మనవరాలిని వెంటబెట్టుకుని మొదటి బస్సుకే వచ్చింది. మెట్లెక్కి వస్తుంటే మంటపంలో పక్కపక్కనే రెండు బట్టతలలు కనిపించాయి. ఇక వెతికే పనిలేకపోయింది.

"ఏంది మునెమ్మా ఇది?"

"మొక్కు పెద్దమ్మా," అంది మునెమ్మ.

రంగనాయకమ్మ వంగి చూసింది. కుడి సగం నున్నగా ఉంది, ఎడమ సగం ఒత్తుగా ఉంది. ఆమె ఎడమ పక్కన పిడికెడు జుట్టు పట్టుకుని, బావిలో నుంచి చేద లాగినట్టు లాగింది.

"అమ్మా!" అని రత్నస్వామి కేక పెట్టాడు.

"అవ్వా, చేతిలో కత్తుండాది!" అని క్షురకుడు కేక పెట్టాడు.

ఆమె పట్టించుకోలేదు. ఈసారి గొరిగిన సగం మీద అరచేయి పెట్టి, నుదుటి నుంచి మెడదాకా, చెవి నుంచి నడినెత్తి దాకా నింపాదిగా నిమిరింది. ముఖంలో ఏళ్ళనాటి ముడి ఒకటి విడిపోయింది.

"నారుమడి మాదిరి కుదుళ్ళు నల్లంగా ఉండాయి. యాడా సందు ల్యా. జుట్టుతో చూసుంటే అంచులు దువ్వి కప్పినాడేమో అనుకుందును. ఇప్పుడు కప్పేదానికి ఏముండాది? విగ్గోడు గుండుకు కూర్చోడమ్మా మునెమ్మా!" అని ఆమె మామనూ చిన్నాయననూ ఎగాదిగా చూసింది. "ఈ ఇద్దరి తలలూ చూసి పిల్లోణ్ణి అనుమానపడితిని."

"మిగిలింది కొట్టాలా, వద్దా?" అని క్షురకుడు అడిగాడు.

"నేను చూసేది చూసినా," అని రంగనాయకమ్మ వెనక్కు తిరిగింది. "ఇంక నువ్వు చెప్పమ్మీ. నీ వోటు ఎవురికి?"

స్తంభం పక్క నుంచి సుందరవల్లి ముందుకు వచ్చింది. సగం గుండును చూసింది, సగం జుట్టును చూసింది. ఫోటోలో రాకుండా ఆగిపోయిన నవ్వు పూర్తిగా వచ్చింది. పెళ్ళయ్యాక వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు మగని పేరు పలకరు. పలకాలంటే ఆమెకు మిగిలిన అవకాశం ఇదొక్కటే. ఆ వోటు గీత మీద పడలేదు, కొలవడానికి స్కేలూ అవసరం రాలేదు.

"రత్నస్వామికి."