చెవిలో ఓనరు గారు

పని చేసుకుంటున్న మనిషి చెవి దగ్గర ఇంకొకరు చేరి "అలా కాదు, ఇలా" అంటూ ఉంటే లోకం దాన్ని న్యూసెన్స్ అంటుంది. నేను చచ్చినా ఒప్పుకోను. అది పూర్వజన్మ సుకృతం!

ఒక్కసారి ఆలోచించండి. మన తప్పులు మనమే చేసుకోవాలంటే ఎంత శ్రమ? పక్కాయన దగ్గరుండి చేయిస్తే ఎంత సుఖం?

ఈ సత్యం నాకు మా ఓనరు గారి వల్ల బోధపడింది. ఆయన ఒకప్పుడు రేసు కార్ల డ్రైవరు, ఇప్పుడు ఒక టీముకి యజమాని. ఆ టీములోనే నాకూ ఓ చిన్న ఉద్యోగం. ఏం ఉద్యోగమో తర్వాత చెబుతాను, తొందరేముంది?

డ్రైవరుగా ఆయన పదిహేనేళ్లలో పదకొండు రేసులు గెలిచారు. విచిత్రం ఏమిటంటే, ఆ పదకొండుసార్లూ కారులో డ్రైవరుకి బయటి మాట వినిపించే రేడియో పాడైంది! అప్పటి ముసలి ఓనరు "బ్రేకు వెయ్యరా, నీకు పుణ్యముంటుంది" అని మైకులో గొంతు చించుకునేవారు. ఈయనకి ఒక్క ముక్క వినపడేది కాదు. దిగాక "పాడు రేడియో అండీ" అని చేతులు కట్టుకుని నిలబడేవారట. ఆ రేడియో వైరు తప్పించే సంగతి మా మెకానిక్కుల పెద్ద మేస్త్రీ చూసుకునేవాడని అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

అలాంటి మనిషి ఓనరు కాగానే మొట్టమొదట కొన్నదేమిటి? ఇంజనా? టైర్లా? కాదండీ, జన్మలో పాడవని రేడియో!

ఇక మా భాగ్యం చూడండి. నట్టు విప్పేవాడికి విప్పడం చెబుతారు, నేల తుడిచేవాడికి తుడవడం చెబుతారు. ఇంట్లో ఆవిడ కారు నడుపుతుంటే పక్కసీట్లో కూర్చుని కుడికాలితో బ్రేకు నొక్కుతారు. అక్కడ బ్రేకు లేదు. ఉన్న మ్యాటుకి మాత్రం బెత్తెడు చిల్లు పడింది. క్షౌరం చేయించుకుంటూ "మలుపు దగ్గర స్పీడు తగ్గించు" అని అరిచారు. ఎడమ చెవి వెనక గాటు ఇప్పటికీ ఉంది. కడుపు ఆపరేషన్ చేస్తున్న డాక్టరుకి కూడా "మలుపులో లోపలి లైను పట్టుకోండి" అని చెప్పబోతే, ఆ డాక్టరు మత్తు డోసు పెంచాడు. కృతజ్ఞత లేని లోకం!

ఇప్పుడు మా టీము డ్రైవరు ఆయన మేనకోడలే. బంగారం లాంటి పిల్ల. మామయ్య మైకులో ఏం చెప్పినా అవతల్నుంచి "సరే మామయ్యా!" అనే జవాబు. ఈ కాలంలో ఇంత వినయం ఎక్కడైనా చూశారా?

అయినా ఆ పిల్లకి గండం తప్పలేదు. సీజన్ ఆఖరి రేసు ముందు ఓనరు గారు తెగేసి చెప్పారు. "మొదటి ముగ్గురిలో రాలేదో, సీటు దిగెయ్. నేనే ఎక్కుతా."

యాభై ఆరేళ్ల వయసులో! ఆయన పాత రేసు సూటుని పొట్ట దగ్గర రెండుసార్లు వదులు చేయించారని టైలరు చెప్పాక మాకెవరికీ అన్నం సహించలేదు. పిల్లయితే ఒంటరిగా కారులో కూర్చుని స్టీరింగు మీద చెయ్యి వేసి చూసుకుంది.

రేసు మొదలైంది. ఓనరు గారు మైకు అందుకున్నారు. వద్దన్న చోట పిల్ల బ్రేకు వేసింది, వెయ్యమన్న చోట వెయ్యలేదు. అయినా కారు ముందుకే పోతుంటే, "నోటి మాట కాదు, నా మనసులో మాట కనిపెడుతోంది!" అని ఆయన మురిసిపోయారు. రెండో స్థానంలో వచ్చింది. సీటు నిలిచింది.

ఆ ఆనందంలో మైకు చేతిలో ఉండగానే ఆయన కారు దగ్గరికి పరిగెత్తారు. పిల్ల దిగి, సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగుతోంది. "మెల్లిగా తాగమ్మా, పొలమారుతుంది" అన్నారు మైకులోనే, అలవాటు కొద్దీ.

"సరే మామయ్యా!" అని వినిపించింది.

పిల్ల నోటినిండా నీళ్లే ఉన్నాయి. గొంతు వచ్చింది టైర్ల గది తలుపు వెనక నుంచి.

ఆయన తలుపు తోశారు. లోపల ఒక కుర్చీ, చెవులకి హెడ్‌ఫోన్లు, వాటి మధ్యన నేను. ఇదండీ నా ఉద్యోగం. రేడియో వైరు నా దగ్గరికి తిప్పి, సన్నగొంతు ఉన్నందుకు పిల్ల బదులు పలకమని మేస్త్రీ నన్ను ఏరి కూర్చోబెట్టాడు.

"పిల్ల భయపడిందండీ," అన్నాడు వెనకే వచ్చిన మేస్త్రీ, తల గోక్కుంటూ. "మీరు చెవిలో ఉంటే రోడ్డు కనపడ్డం లేదంది."

ఓనరు గారు నన్ను గుడ్లురిమి చూశారు. "మూడో మలుపులో బ్రేకు వద్దన్నానే?"

"నేను వెయ్యలేదండీ," అన్నాను నిజాయితీగా.

ఆయన టైర్ల మీద కూలబడ్డారు. మేస్త్రీ వైపు తిరిగి, "మరి అప్పట్లో మా ముసలాయన మాటలు ఎవరు విన్నార్రా?" అన్నారు.

"నేనేనండీ. ఆ పదకొండుసార్లూ. ఈ చెవి ఇప్పటికీ సరిగా పనిచెయ్యదు."

"ఆయనకి తెలుసా?"

"మొదటి ఏడాదే తెలిసిపోయింది. 'వాడికి వినపడకపోతే పోనీరా. నోరు మూసుకుని చూడ్డం నా వల్ల కాదు, భయమేస్తుంది' అన్నారు."

ఓనరు గారు కళ్లు తుడుచుకున్నారు. మేనకోడలి తల నిమిరి, "సీటు నీదేనమ్మా" అన్నారు. ఆ తర్వాత మేస్త్రీతో, "వైరు ఇలాగే ఉండనీ," అన్నారు.

నాకూ కళ్లు చెమర్చాయి. తర్వాతే లెక్క తెలిసొచ్చింది. కారు ఆ పిల్లది, కప్పు ఆ పిల్లది, భయం ఆయనది. చెవులు మాత్రం నావి! సుకృతం అన్నది నేనే కదా, ఇప్పుడు ఎవరితో చెప్పుకోను?

వెళ్తూ వెళ్తూ ఆయన గుమ్మంలో ఆగారు. "కుర్చీ కాస్త ముందుకి లాక్కోవోయ్. మలుపుల్లో మరీ వెనక్కి వాలిపోతున్నావు."

"సరే మామయ్యా," అన్నాను.