మడ్ లిక్ పంచమతంత్రీ విజయము

లారెల్ ఫోర్క్ ఏరు ఉగ్రరూపం దాల్చి, తీరభూములను కబళించి, మెథడిస్టు చర్చిని పియానోతో సహా ఎత్తుకుపోయిన ఆ మహాజలప్రళయానికి తొమ్మిదవ ఏట, జూన్ నెల రెండవ శుక్రవారంనాడు, ప్రచండభానుడు కెంటకీ కొండల నెత్తిన నిలిచి, మడతకుర్చీలలో ఆసీనులైన మూడువందల మంది టోపీలను ఏకకాలంలో మాడ్చుచున్న మిట్టమధ్యాహ్నవేళ, బ్లూగ్రాస్ పాటల ఉత్సవ వేదికపై జరిగిన ఘోరసంగ్రామాన్ని చెబుతున్నాను. వినేవాళ్లు వినండి. సూప్ బీన్స్ తినేవాళ్లు తింటూ వినండి.

వీరులు నలుగురు. సేన పేరు, మా ఊరి పేరుమీదనే, మడ్ లిక్ బాయ్స్. బాయ్స్ అన్నమాటే గాని అందరిలో చిన్నవాడికి యాభై ఎనిమిది, పైగా ఒకరు ఆడమనిషి. సేనానాయకుడు హోబర్ట్ రాట్లిఫ్, గిటారుధారి, కంచుకంఠుడు, నోరు మూసుకుని ఉండగా ఎవరూ చూడని వాగ్వీరుడు. అతని ధర్మపత్ని వెర్లీ, ఫిడేలు కమాను ఎత్తితే మొగుడు కూడా ఒక అడుగు వెనక్కి వేసే వీరనారి. ఆమె తమ్ముడు ఆర్బీ స్టిల్ట్‌నర్, బొగ్గుగనుల్లో ముప్పై ఏళ్లు కరెంటు తీగెలు అతికిన మేస్త్రీ, బాంజోపాణి, అభిమానధనుడు. వెనకాల నిలువెత్తు బేస్ వాద్యం మోసేది నేను, లూథర్‌ని. నా గురించి ఇంతే.

ఈ చతురంగబలం అంతకుముందు రెండు రణాలు చూసింది. ఏప్రిల్‌లో అగ్నిమాపక దళం వాళ్ల చేపల విందులో మా పాట నడకగా మొదలై, పరుగై, చివరి చరణానికి కొండవాలులో బ్రేకులు తెగిన బొగ్గులారీ అయింది. "మెల్లగా" అన్నాను నేను వెనకనుంచి. హోబర్ట్ తల తిప్పి, "నిన్నెవరడిగారు?" అన్నాడు. సరే అనుకున్నాను. ఆ తర్వాత నేనేమీ అనలేదు. మే నెలలో దాణా కొట్టు ప్రారంభోత్సవంలో పాట మూడుసార్లు మొదలై మూడుసార్లు ఆగింది. కొట్టు యజమాని మర్యాదస్థుడు. దిగిపొమ్మనలేదు. మమ్మల్ని దాణా బస్తాల వెనక్కి జరిపించాడు.

ఇక ఉత్సవంలో మా స్థానం వేదిక కాదు, కార్లు నిలిపే గడ్డిమైదానం. ఎనిమిదేళ్లుగా ప్రతి జూన్‌లో, బట్టలమీద చేతుల్లేని నారింజరంగు చొక్కాలు తొడుక్కుని, పికప్ ట్రక్కులకు చేతులూపి, "ఎడంపక్కకి జరుపు" అని అరుస్తూ వరుసలు చూపించేది మేమే. పాటలు వినపడేవి. పాడేవాళ్లు కనపడేవారు కాదు.

"అక్కా, ఊళ్లో నా పేరు మర్చిపోయారే" అన్నాడు ఆర్బీ ఒకనాడు, అవమానాగ్నిదగ్ధహృదయుడై. "మంగలి దగ్గరికెళ్తే 'రావయ్యా ఎడంపక్కకి జరుపూ' అని పిలుస్తున్నాడు. చర్చిలో పాస్టరు కూడా!"

అందుకే వెర్లీ వెళ్లి ఉత్సవ అధ్యక్షురాలు యూలా కాన్లీని పట్టుకుంది. యూలా కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, శాసనం చెక్కినట్టు పలికింది.

"శుక్రవారం పన్నెండింటికి. పదిహేను నిమిషాలు. ఒక్క పాట, ఒక్కటంటే ఒక్కటి, మధ్యలో ఆగకుండా పూర్తి చెయ్యండి. చేశారా, వచ్చే ఏడు ఆ చొక్కాలు వేరేవాళ్లకిస్తాను, మీకు వేదిక. పదిహేను నిమిషాల్లో ఒక్కటీ పూర్తి కాలేదా, ఇక నన్నడగొద్దు. ఓపికున్నన్నాళ్లు కార్లకే చేతులూపుకోండి."

ఆ శుక్రవారం పదకొండున్నరకు ఒహాయో నుంచి వచ్చిన, పడకా వంటా లోపలే ఉన్న బండిల్లు ఒకటి బురదలో దిగబడింది. ఆర్బీ దాన్ని తోశాడు. పన్నెండుకు రెండు నిమిషాలు తక్కువలో, ఒళ్లంతా బురదతో, చొక్కాతో, బాంజోతో, గుట్ట ఎక్కుతూ, రొప్పుతూ, శరవేగాన వేదిక మీదికి దూకాడు.

"చొక్కా!" అని గర్జించింది యూలా.

చొక్కా విప్పే తొందరలో ఆర్బీ ఒక పని చేశాడు, ఒక పని మరిచాడు. బాంజోకు తీగెలు అయిదు. నాలుగు పొడుగువి. అయిదోది పొట్టిది, మెడ మధ్యలో మొదలవుతుంది. పాట స్థాయి పెంచాలంటే మెడకు ఒక బిగింపు పెడతారు. దానితో నాలుగు తీగెలూ లేస్తాయి, పొట్టిది లేవదు. దాన్ని విడిగా, మెడలో దిగ్గొట్టిన చిన్న మేకు కిందికి తొయ్యాలి. ఆ మేకులు పిల్లల ఆటరైలు పట్టాల్లోంచి పీకినవి. మా వైపు బాంజోలన్నిటికీ అవే. ఆర్బీ బిగింపు పెట్టాడు. మేకు మరిచాడు.

నేను చూశాను.

వేదిక నడుమ ఒకే ఒక్క మైకు, ఏకాకిగా, వజ్రాయుధంలా నిలిచి ఉంది. హోబర్ట్ దాని ముందుకు వెళ్లి టోపీ సవరించుకున్నాడు.

"అమ్మలారా, అయ్యలారా! ఏరు మా ఇళ్లు తీసుకుపోయింది, మా కోళ్లు తీసుకుపోయింది, మా పియానో తీసుకుపోయింది. మా గొంతులు మాత్రం తీసుకుపోలేకపోయింది! ఇప్పుడు మీరు వినబోయేది..."

"ముందు వాయించరా!" అన్నారెవరో మూడోవరుసలో.

పాట పేరు 'పియానో ఏటిపాలు', హోబర్ట్ కట్టిందే. రెండు నిమిషాల యాభై సెకన్లు పడుతుంది. గిటారు గర్జించగా, ఫిడేలు ఎగయగా, ఆర్బీ వేళ్లు తీగెలపై మెరుపులై కురియగా, ఆ నాదసముద్రం నడుమనుంచి, తోక తొక్కించుకున్న పిల్లి అరుపు లాంటి ఒక అపశ్రుతి పుట్టి, క్షణానికి నాలుగుసార్లు చొప్పున సభాసదుల చెవులలో శూలమై నాటుకుంది.

పాట ఆగింది. పాట ఆగితే లెక్కకు రాదు. గడియారం మాత్రం నడుస్తోంది.

"మూడోది!" అని ఆర్బీ పళ్లు నూరి, మూడవ తీగె మీద లంఘించాడు. "ఓసి ద్రోహీ! నిన్ను నూనె రాసి పెంచానే! పక్కలో పడుకోబెట్టుకున్నానే! ఇంతమందిలో నా పరువు తీస్తావటే!" అంటూ ఆ నిర్దోషిని సడలించి, మళ్లీ బిగించి, వెర్లీ ఫిడేలు స్వరంతో సరిచూసి, మొదటి చోటుకే తెచ్చాడు. రెండవసారి పాట మొదలైంది. పిల్లి అరిచింది. పాట ఆగింది.

అప్పుడు రెండవ తీగె వధ. తర్వాత నాలుగవది. తర్వాత మొదటిది. ఒక్కొక్కదాన్నీ సింహాసనం మీదనుంచి లాగి, విచారించి, తప్పు కనపడక తిరిగి కూర్చోబెడుతూ, స్వేదధారాపరిప్లుతుడై, ఆ బాంజోపాణి పది నిమిషాలు పోరాడాడు. మడతకుర్చీలు మడిచే చప్పుడు వినపడసాగింది.

"ఆ పిల్లిని దించి బాంజో ఎత్తుకో, ఎడంపక్కకి జరుపూ!" అన్నాడు మూడోవరుసవాడు. సభ భళ్లున నవ్వింది.

"ఒరేయ్ బావమరిదీ, అన్నీ చూశావా?" అన్నాడు హోబర్ట్ పళ్లబిగువున.

"నాలుగూ చూశా బావా."

"మరి అయిదోది?"

"దాని జోలికి రాకు! నిన్ననే కొత్తది వేశా. అది నా ప్రాణం. శ్రుతిలో రాయిలా ఉంటది!"

అవును, శ్రుతిలోనే ఉంది. వేరే పాట శ్రుతిలో.

వేదిక పక్కన యూలా నాలుగు వేళ్లు చూపించింది. నాలుగు నిమిషాలు. ఆమె రెండో చేతిలో ఆర్బీ విప్పిన నారింజ చొక్కా, చక్కగా మడతపెట్టి ఉంది. ఆర్బీ దానివైపు చూశాడు. ఆ చూపులో ఎనిమిదేళ్ల గడ్డిమైదానం ఉంది. బాంజో కిందికి జారింది.

"బావా, ఇక నా వల్ల కాదు" అన్నాడు.

హోబర్ట్ దగ్గర కూడా మాట అయిపోయింది. అది నేను మొదటిసారి చూడడం. అతను వెనక్కి తిరిగాడు. వెతుక్కోవడానికి వెనకాల నేను తప్ప ఏమీ లేదు.

"ఒరేయ్ లూథరూ! ఏందిరా ఇది? ఏం చెయ్యాలిరా?"

అడిగాడు. ముగ్గురూ విన్నారు. నేను బేస్ మెడ ఎడమచేతికి మార్చుకుని చెప్పాను.

"మేకు."

ఆర్బీ బాంజోవైపు చూశాడు. బొటనవేలితో పొట్టితీగెను అంగుళంలో పదోవంతు పక్కకు, మేకు కిందికి తోశాడు. టిక్ మంది.

ఆహా, ఆ టిక్! వేయి శంఖాలు పూరించినట్టు, కోటతలుపులు తెరుచుకున్నట్టు నాకైతే వినపడింది. మరుక్షణం నలుగురమూ ఆ ఒక్క మైకు మీదికి ఉరికాము. నా బేస్ మెడ తగిలి హోబర్ట్ టోపీ ఎగిరి మొదటివరుసలో ఎవరి మొక్కజొన్న రొట్టెమీదో పడింది. ఎవరూ ఆగలేదు. పాట మళ్లీ కొండవాలులో లారీ అయింది, కాని ఆగలేదు. రెండవ చరణంలో హోబర్ట్ మాటలు మరిచి మొదటి చరణమే మళ్లీ పాడాడు, పియానో రెండుసార్లు కొట్టుకుపోయింది, అయినా ఆగలేదు. వెర్లీ కమాను వెంట్రుకలు తెగి వేలాడాయి. ఆర్బీ ఏడుస్తూ వాయించాడు. రెండు నిమిషాల యాభై సెకన్ల పాటను రెండు నిమిషాల అయిదు సెకన్లలో ముగించాము. నలుగురమూ ఇంచుమించు ఒకేసారి ముగించాము.

చప్పట్లు కొట్టినవాళ్లు మిగిలిన కుర్చీలవాళ్లు. అరవైమంది ఉంటారు.

యూలా మైకు దగ్గరికి వచ్చింది.

"ఒక పాట అయింది" అని చాటింది. "మధ్యలో ఆగలేదు. తరువాతి బృందం త్వరగా రావాలి."

ఇట్లు దిగ్విజయమైంది. ఒక పాట అయింది.

మెట్లు దిగుతూ హోబర్ట్ నా భుజం పట్టుకున్నాడు.

"ముందే చెప్పి ఏడవొచ్చు కదరా! పది నిమిషాలు! జనమంతా లేచిపోయారు!"

"నన్నెవరడిగారు?" అన్నాను.

వెర్లీ అంత గట్టిగా నవ్వడం తన పెళ్లినాడు చూశాను, మళ్లీ ఆ రోజు.

యూలా మా వెనకే వచ్చి ఆర్బీ చేతిలో చొక్కా పెట్టింది. "చొక్కాలు లేనిది వచ్చే ఏడు. రేపు శనివారం. ఏడింటికల్లా మైదానంలో ఉండండి."

మరునాడు పొద్దున ఏడింటికి నేను చొక్కా తొడుక్కుని మైదానానికి వెళ్లాను. పొగమంచు ఇంకా విడలేదు. మొదటగా ఒక ఆకుపచ్చ పికప్ ట్రక్కు వచ్చి నా పక్కన ఆగింది. నడిపేవాడు అద్దం దించి, "పెద్దాయనా, ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు.

అడిగాడు కనుక చెప్పాను.