హాబీ కాలమ్‌లో బోరింగు

“బిడ్డా, గీ వారం నీ నౌకరి పోతదేమో.”

సోమవారం పొద్దున కొడుకు టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ ఎలిశిబా ఈ మాట అన్నది. అప్పటికి ఏమీ జరగలేదు. జరగకముందే భయపడి పెట్టుకుంటే, జరిగిన రోజున సగం పని అయిపోయి ఉంటుందని ఆమె నమ్మకం. ఏడో తరగతి చదివింది, పేపరు కూడబలుక్కొని చదవగలదు, కాబట్టి భయాలకు సరుకు కొరత లేదు. పక్కింటి సువర్ణ కుక్కర్ కూత వేస్తే చాలు, కుట్టుమిషను వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. కొడుకు గిడియోన్ రెండుసార్లు తుమ్మితే, మూడో తుమ్ముకు ఆటో గుమ్మం ముందు ఉంటుంది.

అయితే ఈసారి భయం వృథా పోలేదు.

గిడియోన్ పనిచేసేది మెదక్‌లోని సమగ్ర సమన్వయ విభాగంలో. దేనిని దేనితో సమన్వయం చేయాలన్నది ఇంకా ఖరారు కాలేదు గానీ, జనం మాత్రం దరఖాస్తులన్నీ అక్కడికే తెచ్చి ఇస్తుంటారు. వీధి దీపం వెలగడం లేదనీ, మోరీ నిండిందనీ, బోరింగు పనిచేయడం లేదనీ. వాటిని కంప్యూటర్లో ఎక్కించి సంబంధిత శాఖలకు పంపడం గిడియోన్ పని. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఏడాదికోసారి రెన్యువల్ కాగితం మీద ఆఫీసరు గారి సంతకం పడాలి. అది పడకపోతే ఆ ఇంటికి మిగిలేది ఎలిశిబా కుట్టుమిషను ఒక్కటే. భర్త పోయి ఆరేళ్లు.

ఆ సోమవారమే ఆఫీసరు గారు మూడు రోజుల శిక్షణ ముగించుకొని, ముఖంలో కొత్త వెలుగుతో తిరిగి వచ్చారు. పదకొండింటికల్లా ఉత్తర్వు గోడకెక్కింది.

“ఉద్యోగి సమగ్ర వికాసం దృష్ట్యా, ప్రతి ఉద్యోగి తన వారముపై ఆత్మపరిశీలన జరుపుకొని, మొదటి కాలమ్‌లో చేపట్టిన ప్రాజెక్టులను, రెండవ కాలమ్‌లో ఇంటివద్ద చేపట్టిన హాబీలను, స్థలము, సమయము ముద్రించబడిన ఫొటోలతో సహా యాప్‌లో పొందుపరచవలెను. శనివారం సాయంత్రం ఐదు గంటల తర్వాత జరుపుకున్న ఆత్మపరిశీలన పరిగణనలోకి తీసుకొనబడదు. రెన్యువల్ దీనిపైనే ఆధారపడి ఉండును.”

ఇంత చక్కటి ఉత్తర్వును అర్థం చేసుకోవడానికి ఒక రోజు చాలుతుందా? మంగళవారం దానిమీద అవగాహన సదస్సు జరిగింది. బుధవారం, పనికీ ప్రాజెక్టుకూ తేడా ఏమిటన్న విషయంపై చర్చ జరిగింది. దరఖాస్తులు ఎక్కించడం కేవలం పని అనీ, ప్రాజెక్టు అన్నాక దానికి ప్రారంభోత్సవం ఉండాలనీ సాయంత్రానికి తేలింది. గురువారం ఫొటోలు తీసుకోవడంలో తర్ఫీదు. శుక్రవారం ఆ తర్ఫీదుపై సమీక్ష. ఇక దరఖాస్తులు ముట్టుకునే తీరిక ఎవరికి? ఆ కట్టను గిడియోన్ రోజూ టిఫిన్ సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చాడు.

హాబీల సంగతి ఇంకా చిక్కు. ఇంటికొచ్చి ఏం చేస్తావని అడిగితే గిడియోన్ దగ్గర ఉన్న నిజాయితీ గల జవాబు ఒక్కటే. తింటాడు, పండుకుంటాడు. యాప్‌లోని జాబితాలో తోటపని, కుట్టుపని, యోగా ఉన్నాయి, పండుకోవడం లేదు. ‘ఇతరములు’ నొక్కితే గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ అడుగుతుంది.

“హాబీ లేదంటే నిన్ను బీమారి మనిషనుకుంటరు,” అని ఎలిశిబా నిర్ధారించింది. “బీమారోనికి రెన్యువల్ ఎట్లిస్తరు?”

కాబట్టి కొడుకు హాబీలన్నీ ఆమే చేపట్టింది. స్నానాల గది కప్పు మీద ఆమె పెంచిన సొరపాదు ఉంది. ఇంట్లో అలాంటిదొకటి ఉందని గిడియోన్‌కు మంగళవారమే తెలిసింది. పప్పులోకని పొద్దున కోసిన కాయను ఫొటో కోసం దారంతో మళ్లీ తీగకు కట్టి, పక్కన కొడుకును నిలబెట్టింది. పురిట్లో బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని నిలబడ్డాడు. గురువారం మిషను ముందు కూర్చోబెట్టింది. కాలు ఊరికే పెట్టమంటే కుర్రవాడు తొక్కేశాడు. సువర్ణ జాకెట్టుకు రెండు చేతులూ మూసుకుపోయాయి. సాయంత్రం తొడిగి చూసుకోబోయిన సువర్ణ లోపలి నుంచే అడిగింది, “అక్కా, గిది జాకెట్టా, చేతిసంచా?”

ఈ వికాసమంతా ముగిశాక, రోజూ తల్లీ కొడుకులు చాప మీద కూర్చునేవారు. ఆమె దరఖాస్తు చదివేది, అతను ఎక్కించేవాడు. కట్టలో మొదటిది దానమ్మది. దానమ్మ ఎవరో కాదు, ఎలిశిబాకు స్వయానా ఆడబిడ్డ, వెనక సందులో ఉంటుంది. ఆ సందులో బోరింగు మూడు నెలలుగా మూలుగుతున్నదే గానీ నీళ్లు ఇవ్వడం లేదు. దానమ్మ నడుము బెణికినా, బిందె పట్టుకొని రోజూ రెండు పూటలా మరదలి నల్లా దగ్గరికే వస్తుంది. ఆ కాగితం చదువుతూ ఎలిశిబా రెండుచోట్ల ఆగి ముక్కు తుడుచుకున్నది. ఎందుకైనా మంచిదని, కొడుకు దాన్ని ఎక్కిస్తున్న ఫొటో కూడా తీసి పెట్టింది. రేపు ఎవరైనా కోర్టుకు పోతే రుజువు ఉండొద్దా?

శనివారం యోగా. గిడియోన్ తల వెనక్కి వంచాడు, ఫొటో అద్భుతంగా వచ్చింది, తల మాత్రం తిరిగి రాలేదు. మెడ గోడవైపు బిగుసుకుపోయింది. టైము నాలుగూ నలభై. గోడను చూస్తూ అతను చెబుతుంటే, ఒంటినిండా చెమటతో ఎలిశిబా కళ్లద్దాలు పెట్టుకొని ఫొటోలు ఎక్కించింది. నాలుగూ యాభై ఎనిమిదికి యాప్ పచ్చగా మెరిసి, ‘మీ వారం విజయవంతంగా ముగిసింది’ అన్నది.

ఆదివారానికి మెడ సగం తిరిగింది. ఫోను చూసి గిడియోన్ మెల్లగా అన్నాడు, “అమ్మా, రెండు కాలమ్‌లు అటుదిటు పెట్టినవ్.”

సొరకాయ, జాకెట్టు, యోగా ప్రాజెక్టుల కింద ఉన్నాయి. దరఖాస్తులు హాబీల కింద ఉన్నాయి. ఒకసారి జరిగిన ఆత్మపరిశీలనను సవరించడానికి యాప్ ఒప్పుకోదు. ఎలిశిబా అన్నం ముట్టలేదు. చర్చిలో స్త్రీల మైత్రి వాళ్లకు, వివరం చెప్పకుండా, పిల్లగాడు ఆపదలో ఉన్నాడు ప్రార్థన చేయమన్నది. వాళ్లు కన్నీళ్లతో ప్రార్థించి, సాయంత్రానికి ముగ్గురు ఇంటికొచ్చి ఆ పిల్ల ఎవరని అడిగి పోయారు.

సోమవారం పదింటికి ఫోను. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకొని హాజరు కావాలట. ఎలిశిబా ఒక సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాల, పళ్లపొడి, మెడకు బామ్ సర్దింది. జైల్లో ఇవన్నీ ఇస్తారో ఇయ్యరో. ఇంటికి తాళం వేసి బయలుదేరింది.

ఆఫీసు హాల్లో పూలదండ ఉంది. ఎవరు పోయారోనని ఆమె కొంగు నెత్తిన కప్పుకున్నది. ఆఫీసరు గారు లేచారు.

“నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇట్లాంటి ఆత్మపరిశీలన చూడలేదు. కార్యాలయమనే నాలుగు గోడలు దాటి, క్షేత్రస్థాయిలో, అంటే స్నానాల గది పైకప్పు మీద, ఈ యువకుడు ప్రాజెక్టు చేపట్టాడు. రెండు చేతులూ మూసిన జాకెట్టు రూపొందించాడు. ఇంత వస్త్ర పొదుపు మనకెవరికీ తట్టలేదు. మరి అలిసి ఇంటికి వెళ్లి ఏం చేస్తాడు? మనలాగా టీవీ చూస్తాడా? ప్రజల దరఖాస్తులు చూస్తాడు. సరదాగా. పనిని పనిగా చేసేవాడు ఉద్యోగి. పనిని హాబీగా చేసేవాడు యోగి. దీనిని మెదక్ నమూనాగా ప్రకటిస్తున్నాను. వచ్చే వారం నుంచి కార్యాలయ వేళల్లో అందరూ ప్రాజెక్టులే చేపట్టాలి. దరఖాస్తులు ఇంటివద్ద, వీలునూ అభిరుచినీ బట్టి చూసుకోవాలి.”

చప్పట్లు మోగాయి. తోటి ఉద్యోగుల్లో ఒకాయన అప్పటికే సొర విత్తనాల కోసం మనిషిని బజారుకు పంపాడు. గిడియోన్ మెడలో దండ పడింది, బిగిసిన మెడే కాబట్టి నిండుగా నిలిచింది. రెన్యువల్ కాగితం బల్ల మీదికి వచ్చింది. ఆఫీసరు గారు పెన్ను మూత తీశారు.

అప్పుడే వాకిట్లో బిందె చప్పుడైంది. దానమ్మ. నీళ్లకని మరదలి ఇంటికి పోతే తాళం కనిపించింది, ఎక్కడున్నారో కనుక్కొని ఖాళీ బిందెతో ఇక్కడికే నడిచి వచ్చింది. వచ్చింది వచ్చినట్టే అడిగింది.

“సారూ, మా బోరింగు కాయితమిచ్చి మూడు నెలలాయె. గది చూసుడు ఎవరి పని? జర చెప్పుండ్రి.”

పెన్ను కాగితానికి బెత్తెడు ఎత్తులో ఆగింది.

ఉద్యోగులు ఫ్యాను వైపు చూశారు. ఆఫీసరు గారు తన ఉత్తర్వునే తిరగేసి చూశారు, అందులో పని అన్న మాట ఎక్కడా లేదు. గిడియోన్ అత్త వైపు తిరగాలనుకున్నాడు, మెడ సహకరించలేదు. “ఎవరైనా చెప్పండి,” అన్నారు ఆఫీసరు గారు పెన్ను దించకుండానే. దానమ్మ అందరినీ ఒక్కొక్కరిగా చూసి, చివరికి మరదలి దగ్గర చూపు ఆపింది. ఆ కాగితం చదివి ముక్కు తుడుచుకున్న మనిషికి ఎవరి పనో తెలుసు. అది కొడుకు పని అంటే కాలమ్‌లు అటుదిటు అయ్యాయని చెప్పినట్టే, సంతకం లేనట్టే. ఒడిలో పళ్లపొడి సంచిని ఎలిశిబా రెండు చేతులా పట్టుకున్నది. బిందె ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మారింది.

చివరికి ఎలిశిబా గొంతు సవరించుకొని, ఎంతో మర్యాదగా జవాబు చెప్పింది.

“గది పని కాదు వదినా, మావోని హాబీ. మనసు పుట్టినప్పుడు చేస్తడు. నువ్వు మూడు నెలల సంది నీళ్లు మోస్తున్నవ్ గదా, దాన్ని సుత గదే కాలమ్‌ల రాయిద్దాం.”