మా క్యాంపస్‌కు చెత్త కరువొచ్చింది

చెత్త తగ్గించండి అని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. చెత్తే లేకపోతే రీసైక్లింగ్ ఎక్కడిది? రీసైక్లింగ్ లేకపోతే గ్రీన్ ర్యాంక్ ఎక్కడిది? గ్రీన్ ర్యాంక్ లేని యూనివర్సిటీకి, పశువుల పాకకు తేడా ఏమిటి? అయ్యా, అమ్మా, కాస్త ఆలోచించండి!

టెక్కలికీ పలాసకీ మధ్య హైవే పక్కన ఉన్న ఓ యూనివర్సిటీలో నేను చరిత్ర పాఠాలు చెబుతాను. పేరు అడక్కండి, ఉద్యోగం చేసుకుంటున్నాను. ఈ ఏడాది మా డీన్ వైకుంఠరావు గారు నన్ను పిలిచి, రీసైక్లింగ్ కార్యక్రమానికి సమన్వయకర్తగా వేశారు. చరిత్ర మేష్టారికి చెత్తతో ఏం సంబంధమని అడగబోయాను.

"పాతబడిపోయిన వాటి గురించి మీకంటే ఎవరికి తెలుసయ్యా?" అన్నారాయన.

ఫైలు చంకన పెట్టుకుని వచ్చేశాను.

అంతకుముందు మా క్యాంపస్‌లో ఉన్నవి రెండు రకాల డబ్బాలే. తడిది, పొడిది. ఎంత వెనకబాటుతనం! కార్యక్రమాన్ని విస్తరించాలని మా క్యాంపస్ కమిటీ తీర్మానించింది. ఒక్క ఆదివారం గడిచేసరికి ఎటు చూసినా డబ్బాలే. కాగితానికి నీలం, గాజుకు తెలుపు, కొబ్బరి డొక్కలకు ఊదా, జీడి తొక్కలకు గోధుమరంగు. ఏ డబ్బాలో వేయాలో తెలియని వస్తువుల కోసం ప్రత్యేకంగా నారింజ రంగుది. లైబ్రరీకి దారి అడిగిన కొత్తవాళ్ళకు వాచ్‌మన్ రంగులు చెప్పి పంపేవాడు. ప్రేమికులు "ఊదా దగ్గర ఉంటా" అని మెసేజ్‌లు పెట్టుకునేవారు. ఇంత వైభోగం ఏ రాజుల కాలంలో ఉంది? నేను చదివిన చరిత్రలో లేదు!

ఒక్కటే లోటు. డబ్బాలన్నీ ఖాళీ.

తప్పు మా పిల్లలది. కంచిలి నుంచో, వజ్రపుకొత్తూరు నుంచో వస్తారు. వీళ్ళ ఇళ్ళలో దేన్నీ పారేసే అలవాటు లేదు. కొబ్బరి డొక్క పొయ్యిలోకి, మట్టలు దడికి, ఈనెలు చీపురుకు, మిగిలిన అన్నం గేదెకు. ఒకడైతే పెన్ను అయిపోతే రీఫిల్ మార్చుకుంటున్నాడు. నా కళ్ళారా చూశాను. ఇలాంటివాళ్ళతో ర్యాంక్ వస్తుందా?

వైకుంఠరావు గారు ఊదా డబ్బాలోకి వంగి చూసి, "చెత్తేదయ్యా?" అన్నారు. వానల్లేని ఏడాది మబ్బుల్లోకి చూసే రైతు గొంతు అది.

సంస్కరణలు క్యాంటీన్‌తో మొదలయ్యాయి. క్యాంటీన్ నడిపే బొడ్డమ్మ స్టీలు పళ్ళేల్లో భోజనం పెట్టి, గాజు గ్లాసుల్లో టీ పోసేది. రోజూ కడిగి మళ్ళీ అవే వాడేది. ఆ ఘోరాన్ని ఆపించి కాగితం పళ్ళేలు, కాగితం కప్పులు తెప్పించాం.

"వాడి పారేస్తేనే కదమ్మా మళ్ళీ వాడుకోగలం?" అని డీన్ గారు ఆమెకు సిద్ధాంతం వివరించారు.

"నాకా సదువులేటి తెలుసు బాబూ. తోమక్కర్లేదంటే నాకు మంచిదే," అంది బొడ్డమ్మ. స్టీలు సామానంతా గోనెల్లో కట్టి హాయిగా కూర్చుంది. పర్యావరణ స్పృహ అంటే అది!

నీలం డబ్బాలు పొంగిపొర్లాయి. ఆ ఊపులో ఓ కంపెనీ మాకు బాటిళ్ళు మింగే యంత్రాన్ని బహూకరించింది. ఖాళీ ప్లాస్టిక్ బాటిల్‌ను నోట్లో పెడితే కరకరా నమిలి, సన్నాయి వాయించి, "భూమాత నవ్వింది" అంటుంది. దాన్ని లైబ్రరీ ముందు నిలబెట్టి పూలదండ వేశాం. నేను కొబ్బరికాయ కొట్టాను. చిప్పల్ని ఊదా డబ్బాలో వేసేలోగా ఎవరో తీసుకుపోయి తినేశారు.

వారం గడిచినా యంత్రం నోరు విప్పలేదు. ఎందుకంటే దాని పక్కనే ఫిల్టర్ నీళ్ళ కుళాయి ఉంది. తియ్యటి, చల్లటి నీళ్ళు. క్యాంపస్ అంతా అక్కడే తాగేది. బాటిల్ కొనే పాపాత్ముడు ఒక్కడు లేడు. పెళ్ళికి పిలిచిన బంధువుకు అన్నం పెట్టని ఇల్లులా ఉంది మా పరిస్థితి.

డీన్ గారు యంత్రం ముందు నిలబడి దాని నుదురు తడిమారు. తర్వాత కుళాయి వైపు చూశారు.

మర్నాడు కుళాయికి గోనెసంచి చుట్టి, బోర్డు పెట్టాం: 'పర్యావరణ పరిరక్షణ నిమిత్తం మూసివేయడమైనది.' క్యాంటీన్ ఫ్రిజ్ నిండా బాటిళ్ళు దించాం. ఇక చూడండి నా సామిరంగా! పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సన్నాయే సన్నాయి. భూమాత నవ్వీ నవ్వీ ఆయాసపడింది. తరగతి గదిలో నా పాఠం వినపడకపోయినా నేను ఆనందంతో కళ్ళు తుడుచుకున్నాను.

ఈ పండగలో మొహం వేలాడేసుకున్నది ప్రమోదిని ఒక్కతే. ఎమ్మెస్సీ చదువుతుంది. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊరు. రోజూ సాయంత్రం ఆ కుళాయి దగ్గర కేను నింపుకుని బస్సెక్కేది. ఖాళీ కేనుతోనే నా గదికి వచ్చింది.

"కుళాయి ఎప్పుడిప్పుతారు సార్?"

"అది విప్పితే యంత్రం పస్తుంటుందమ్మా. అయినా ఇంటికి నీళ్ళు మోసుకుపోవడమేమిటి?"

"మా ఈది కుళాయి కొన్నాళ్ళొత్తాది, కొన్నాళ్ళు రాదు సార్. రానప్పుడు బోరు నీళ్ళే. మా నాన్నకి కిడ్నీలు పోయాయి. సంద్రంలో ఏటకెళ్ళడం మానేసినాడు. పలాసలో డయాలసిస్ సేయిత్తన్నాం. దేనివల్ల వచ్చిందో డాక్టర్లూ తేల్చి సెప్పలేదు. నీళ్ళేనేమోనని మాయమ్మకి బయం. తమ్ముడు బోరు నీళ్ళు తాగుతుంటే అమ్మ గ్లాసు లాక్కుంటాది."

నేను సమన్వయకర్తను. బాధ్యతగా సలహా చెప్పాలి. "బాటిళ్ళు కొనుక్కోండమ్మా. ఖాళీవి తెచ్చి ఇక్కడ వేస్తే భూమాత నవ్వుతుంది," అన్నాను.

"మా ఇంట్లో ఎవులూ నవ్వరు సార్," అని వెళ్ళిపోయింది.

ఆ పూట నాకు భోజనం సహించలేదు. క్యాంటీన్ కాగితం పళ్ళెంలోంచి పప్పు ఒళ్ళోకి కారిపోవడం వల్ల కాబోలు.

ఇంతలో గ్రీన్ ర్యాంక్ ఇచ్చే కమిటీ వచ్చింది. కమిటీ పెద్ద ఝాన్సీలక్ష్మి గారు. తెల్లజుట్టు, నూలుచీర, భుజాన సంచి. పిల్లల్ని దారికి అటూ ఇటూ చప్పట్లకు నిలబెట్టాం. డీన్ గారు ఆమెకు రంగులన్నీ చూపించి, చివరికి యంత్రం దగ్గరకు తీసుకొచ్చి, స్వయంగా ఓ బాటిల్ తినిపించారు. సన్నాయి మోగింది. భూమాత నవ్వింది. ఝాన్సీలక్ష్మి గారు నవ్వలేదు. సంచిలోంచి ఖాళీ స్టీలు సీసా తీశారు.

"ఎండగా ఉంది. నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలండీ?"

డీన్ గారు చల్లటి బాటిల్ అందించారు. ఆమె తీసుకోలేదు. "ఇంత క్యాంపస్‌లో కుళాయి లేదా?"

డీన్ గారు నా వైపు చూశారు. నేను యంత్రం వైపు చూశాను. దానికి ఆ ఒక్క మాటే వచ్చు.

"ఉన్నాది మేడం. నేను సూపిత్తాను రండి." చప్పట్ల వరసలోంచి ప్రమోదిని ముందుకొచ్చింది. బోర్డు పక్కకు జరిపి, గోనెసంచి ముడి విప్పబోయింది. గట్టిగా బిగుసుకుపోయింది. పళ్ళతో లాగింది. డీన్ గారు, "రిపేరులో ఉందమ్మా, ముట్టుకోకు," అంటూనే ఉన్నారు. ముడి ఊడగానే ఆమె కుళాయి తిప్పేసింది. నీళ్ళు సర్రున వచ్చాయి.

ఝాన్సీలక్ష్మి గారు సీసా నింపుకుని అక్కడే సగం తాగారు. "చాలా బాగున్నాయి," అన్నారు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు రెండు వరసల పిల్లలూ చప్పట్లు మానేసి కుళాయి మీద పడ్డారు. దోసిళ్ళతో తాగారు, మొహాలు కడుక్కున్నారు, ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. బొడ్డమ్మ కూడా బిందె పట్టుకొచ్చింది. నా చొక్కా తడిసింది. ఎవరు తడిపారో నేను విచారించలేదు.

కమిటీ రిపోర్టులో మా డబ్బాల గురించి ఒక్క వాక్యం లేదు. ఉన్నదల్లా 'అందరికీ మంచినీటి కుళాయి, అభినందనీయం' అని. ర్యాంక్ పెరిగింది. ఆ కుళాయి తన ఆలోచనేనని డీన్ గారు పత్రికలకు చెప్పారు. ఇక దాన్ని మూయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

యంత్రం మాత్రం మళ్ళీ పస్తు. డీన్ గారికి నిద్ర పట్టలేదు. చివరికి దారి కనిపెట్టారు. కార్యక్రమాన్ని ఊళ్ళకు విస్తరిస్తాం! నీళ్ళు కొనుక్కుని తాగే ఊరు చూసి, యంత్రాన్ని దత్తత ఇస్తాం!

నిన్న సాయంత్రం యంత్రాన్ని ట్రాక్టర్ ఎక్కించాం. బస్సు కోసం గేటు దగ్గర నిలబడ్డ ప్రమోదిని నిండు కేను కింద పెట్టి చూసింది.

"ఎక్కడికి సార్ ఇది?"

"మీ ఊరికేనమ్మా," అన్నారు డీన్ గారు ప్రేమగా. "అక్కడ దీనికి తిండికి లోటుండదట. అందరూ బాటిళ్ళూ టిన్నులూ కొంటారట కదా."

"అలాగే దీని పక్కన మంచినీళ్ళ కుళాయి కూడా ఒకటి పెట్టించండి సార్."

"కుళాయి పెడితే ఇంక యంత్రం దేనికమ్మా?"

"నేనూ అదే అడుగుతన్నాను సార్."

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. డీన్ గారు నా వైపు చూశారు. ఈసారి చూడ్డానికి నాకు వేరే వైపు లేక, నేను ఆయన వైపే చూశాను. పాఠకులారా, జవాబు తెలిస్తే త్వరగా చెప్పండి. ట్రాక్టర్ ఇంకా గేటు దగ్గరే ఉంది.