బుగ్గనీళ్ళ మీద రెండు కమిటీలు

ఒక పెద్ద అడవిలో ఓ చల్లని వాగూ, ఓ వేడినీటి బుగ్గా ఉండేవి. ఎండలు ముదిరేసరికి సర్పంచి పెద్దపులి పొద్దస్తమానం వాగులోనే పడుకోవడం మొదలెట్టాడు. పడుకున్నవాడు ఊరుకున్నాడా, వాగంతా తన ఒక్కడికే కావాలన్నాడు. మిగతా జనం బుగ్గనీళ్ళతో సరిపెట్టుకోవాలట. పదవులున్నది జనసేవకే కదండీ మరి.

జింక నాగరత్నానికి ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు, పైగా గోంగూర మడి. నేరుగా పంచాయతీ కార్యదర్శి నక్క దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఆ బుగ్గనీళ్ళు ఒకటే గంధకం కంపు. నా పిల్లలు తాగొచ్చో లేదో, మడికి పెట్టొచ్చో లేదో కాస్త పరీక్ష చేయించండి."

"అదెంత భాగ్యం తల్లీ," అన్నాడు నక్క. "ఒకటి కాదు, రెండు కమిటీలు వేస్తాను."

తాగునీటి కమిటీకి గాడిద, సాగునీటి కమిటీకి మేక. గాడిద ఆ నీళ్ళు చల్లార్చుకుని ఓ గుక్క తాగి, కడుపు పట్టుకుని నేలమీద పొర్లాడు. మేక ఓ మడికి పెట్టి చూస్తే మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుని, మొక్కలన్నీ మాడిపోయాయి. నిజం చెబితే పులితో తంటా. అబద్ధం చెబితే రేపు తమ మెడకే చుట్టుకుంటుంది.

అందుకని గాడిద, "తాగడానికి కాస్త ఇబ్బందే గానీ, సాగుకి మాత్రం అమృతమండీ," అన్నాడు. పంటల సంగతి ఆయన్నెవరడిగారో! మేకేం తక్కువ తిందా? "పంటకి అంతగా నప్పవు గానీ, తాగడానికి అమృతమండీ," అంది.

నక్క వెంటనే చాటింపు వేయించాడు. "తాగడానికీ అమృతం, సాగుకీ అమృతం. ఎవరి శాఖని వాళ్ళు పొగుడుకోలేదు కాబట్టి పక్షపాతం కూడా లేదు."

గాడిద పొర్లడం కళ్ళారా చూసిన నాగరత్నానికి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా వాగు ఒడ్డుకి నడిచింది. పులి సర్పంచి కదా, పగటిపూట ఓటర్లని తినడు. అయినా దూరం నుంచే దణ్ణం పెట్టింది.

"దొరా, తమరు ఈ మామూలు నీళ్ళలో పడుంటూ మాకు అమృతం వదిలేశారు. ఎంత త్యాగమండీ!"

పులి మీసం దువ్వడం ఆపాడు. "అమృతమా? ఎవరన్నారు?"

"రెండు కమిటీలూ అన్నాయి. చాటింపు తమరి చెవిన పడలేదా?"

పులికి కడుపు రగిలిపోయింది. నక్కని పిలిపించాడు. "ఏరా, మంచివన్నీ జనానికిచ్చి నాకీ బురదవాగు అంటగడతావా?"

ఆ నీళ్ళు చెడ్డవంటే తన చాటింపే అబద్ధమవుతుంది. నక్క చేతులు కట్టుకుని, "చిత్తం దొరా, ఆ అమృతం ఇక తమరికే," అన్నాడు.

పొద్దుగూకేసరికి బుగ్గ చుట్టూ కంచె పడింది. జనం ఆ ఛాయలకి కూడా రాకూడదట. లోపల పులి ఒక్కడే అమృతం తాగుతాడు. ముందుగా రుచి చూసి అందించే ఉద్యోగం నక్కది. ఇవతల వాగు దగ్గర నాగరత్నం పిల్లలు కడుపునిండా నీళ్ళు తాగుతున్నారు, గోంగూర నవనవలాడుతోంది.

నీతి: నీళ్ళు చెడ్డవైతే అర్జీ పెట్టకండి, దొరగారి చెవిన పడేలా పొగడండి.