పగలని నిమ్మకాయ

మయూర్ విహార్‌లోని మా గ్రూప్ హౌసింగ్ సొసైటీ గాలి విషయంలో స్వయంసమృద్ధి సాధించిందని సభ్యులందరికీ సగర్వంగా తెలియజేస్తున్నాం. గేటు పక్కన టైర్లకు గాలి కొట్టే యంత్రం పెట్టించాం. యంత్రానికి కుంకుమ బొట్టు పెట్టి, అధ్యక్షులు అనంతరామయ్యగారికి శాలువా కప్పాం. ఢిల్లీ గాలి పీల్చడానికి పనికిరాకపోయినా టైర్లకైనా పనికొస్తుందని కనిపెట్టిన దూరదృష్టి ఆయనది.

యంత్రంలో ఏ లోపమూ లేదు, పైపు మూతి బైకు వాల్వు దాకా వెళ్లదు, అంతే. ఈనాటి మోటారు సైకిళ్ల చక్రంలో డిస్క్ బ్రేకు పళ్లేనికీ చువ్వలకూ మధ్య రెండు వేళ్లు పట్టని సందులో ఉంటుంది వాల్వు. పెట్రోలు బంకులో కుర్రాడు కూడా ఒకసారి తొంగిచూసి, "నహీ లగేగా భయ్యా" అని పక్క కారు దగ్గరికి వెళ్లిపోతాడు. అందుచేత మా సభ్యులు టైరును బూటుకాలితో ఒక్క తన్ను తన్ని, "ఉందిలే" అని ధ్రువీకరించుకుని ఆఫీసులకు బయల్దేరుతుంటారు.

హరనాథ్‌గారూ అంతే. ఆయన గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసరు. టైర్లలో పీడనం గురించి పాఠం చెబుతారు కనుక దాన్ని చూసుకోవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలగలేదు. కిందటి వానల్లో ఎక్స్‌ప్రెస్‌వే మీద ముందు చక్రం జారి, మోచెయ్యి చెక్కుకుపోయి ఇంటికొచ్చారు. ఆనాటి నుంచి ఆయన తిరిగొచ్చేదాకా భార్య ఉషశ్రీకి ప్రాణం కుదుటపడదు. కంటోన్మెంటులో హవల్దారు కూతురుగా పెరిగిన మనిషి. ఆదివారం బండికి గాలి చూడనిదే వాళ్ల నాన్న టిఫినుకు కూర్చునేవాడు కాదట. పంక్చరు షాపుకైనా తీసుకెళ్లమని మొగుణ్ణి బతిమాలింది. ఆయన టైరును తన్ని, ఉందిలే అన్నారు.

ఆవిడ అధ్యక్షులవారి దగ్గరికి వెళ్లింది. "అంకుల్, పైపుకి వంపు తిరిగిన మూతి తగిలిస్తే చాలండి, సందులోకి వెళ్తుంది. బజార్లో దొరుకుతుంది."

అనంతరామయ్యగారు మంత్రిత్వశాఖలో డిప్యూటీ సెక్రటరీగా రిటైరైన మనిషి. "ఇంత పెద్ద ప్రాబ్లమ్‌కి అంత చిన్న సొల్యూషనా అమ్మా? రేపెవరైనా అడిగితే సొసైటీ పరువేం కావాలి?" అన్నారు.

ఉషశ్రీ తానే ఆ మూతి కొని తెచ్చింది. ఉమ్మడి యంత్రానికి ప్రైవేటు మూతి తగిలించరాదని కార్యదర్శి మురళీకృష్ణ దాన్ని స్వాధీనం చేసుకుని, సొసైటీ ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ వెంటనే వాల్వు సౌలభ్య ఉపసంఘం ఏర్పడింది.

ఉపసంఘం సభ్యులందరికీ మోకాళ్ల నొప్పులు. వంగి వాల్వును చూడగలిగిన వారు లేరు. కనుక మనిషి కిందికి వంగడం కన్నా బండే పైకి రావడం గౌరవప్రదమని తీర్మానించి, పాలరాతి పలకలతో ఎత్తయిన అరుగు కట్టించారు. అధ్యక్షులవారి సతీమణి అన్నపూర్ణేశ్వరిగారు వాస్తు పరిశీలించి, బండి ఆగినప్పుడు వాల్వు ఈశాన్యంలో ఉండాలని సెలవిచ్చారు. నిలువుగా తిరిగే చక్రానికి ఈశాన్యం ఎక్కడుంటుందని అడిగిన సభ్యుడు కిరణ్‌కుమార్‌ను సంఘవ్యతిరేకిగా గుర్తించాం.

అరుగు ప్రారంభోత్సవానికి ప్రొఫెసరు బండినే ఎంపిక చేశాం. దాన్ని అరుగెక్కించి పైపు పెట్టి చూశాం. వెళ్లలేదు. కానీ వెళ్లకపోవడాన్ని ఇప్పుడు హాయిగా నిలబడి చూడవచ్చు. అందరూ చప్పట్లు కొట్టారు.

బండి దింపి పూజ చేశాం. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, పూలదండతో ఉన్న హరనాథ్‌గారిని నడపమన్నాం. చక్రం మెత్తగా నిమ్మకాయ మీదుగా వెళ్లింది. కాయ పగలలేదు. పసుపుపచ్చగా, నిండుగా, అట్లాగే ఉంది.

"చూశారా, దిష్టి దగ్గరికే రాలేదు!" అన్నారు అన్నపూర్ణేశ్వరిగారు కళ్లు తుడుచుకుంటూ.

"దిష్టి కాదు ఆంటీ, టైర్లో గాలి లేదు!" అని అరిచింది ఉషశ్రీ. "నిమ్మకాయే నలగలేదంటే ఇంకేం గాలుందండీ అందులో? ఏమండీ, దిగండి. మీకు దణ్ణం పెడతాను, ఇవాళ మెట్రోలో వెళ్లండి."

"ప్రోగ్రామ్ మధ్యలో డిస్టర్బ్ చెయ్యకమ్మా," అని మందలించి అనంతరామయ్యగారు మైకు అందుకున్నారు. "సోదర సభ్యులారా! బండి బరువుకు లొంగని ఈ నిమ్మకాయే మన సమష్టి సంకల్పానికి నిదర్శనం. ఠీక్ హై, ప్రొఫెసర్ సాబ్, బయల్దేరండి!"

"ఇంతమంది శుభమంటుంటే నువ్వొక్కదానివే ఏమిటి ఉషా? క్లాసుకి టైమైంది," అన్నారు హరనాథ్‌గారు. అలవాటు ప్రకారం టైరును తన్ని, ఉందిలే అని వెళ్లిపోయారు.

ఎక్స్‌ప్రెస్‌వే మలుపులో ముందు చక్రం జారింది. కుడిచెయ్యి విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. వెనక వస్తున్న లారీ సమయానికి బ్రేకు వేసింది కాబట్టి మనిషి దక్కాడు.

అత్యవసర సమావేశం జరిపి, ప్రాణం కాపాడినందుకు నిమ్మకాయకు కృతజ్ఞతలు తెలిపాం. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి ఆఫీసులో ఉంచాం. ఆస్పత్రి నుంచి వచ్చిన ఉషశ్రీ నేరుగా ఆ ఆఫీసుకే వెళ్లి, సుత్తితో బీరువా తాళం బద్దలుకొట్టి, తన మూతి తీసుకుని, బండి బాగై వచ్చాక దానికి ఏడుస్తూ గాలి కొట్టుకుంది. సొసైటీ ఆస్తి ధ్వంసం చేసినందుకు ఆవిడకు నోటీసు ఇచ్చాం.

ఇది చదివి మీరు నవ్వుకుంటున్నారు. సంతోషం. కింద మీ బండి కూడా నిలబెట్టే ఉంది. రేపు పొద్దున దాని దగ్గరికి వెళ్లి, వాల్వు కోసం వంగబోయి, టైము చూసుకుంటారు. అప్పుడు టైరును ఒక్క తన్ను తన్ని ఏమంటారో మీకూ తెలుసు, మాకూ తెలుసు.